టీ కానొల్ అడవిలో ఒక పూట

2024 మే నెలలో నేను మా అమ్మాయి దగ్గరకు వేల్స్ వెళ్ళాను. బ్రిటన్ దీవికి పడమటి పక్కన, ముప్ఫయి లక్షల పైచిలుకు జనం ఉన్న చిన్న దేశం అది. అమ్మాయి అక్కడ కార్డిఫ్ నగరంలో డాక్టరు. మనవరాలికి పదకొండో ఏడు నడుస్తున్నది.

ఒక శనివారం పొద్దున మనవరాలు, "తాతయ్యా, ఇవాళ నీకు చాలా పాత అడవి చూపిస్తాం," అన్నది.

"ఎంత పాతదే?" అన్నాను.

"అక్కడికి వచ్చాక నువ్వే లెక్క కట్టు!" అన్నది. ముప్ఫయి అయిదేళ్ళు పిల్లలచేత లెక్కలు చేయించినవాణ్ణి. ఇప్పుడు నాకే లెక్క ఇచ్చేవాళ్ళు తయారయ్యారు!

కార్డిఫ్ నుంచి పడమటగా రెండున్నర గంటల కారు ప్రయాణం. రోడ్డు మలుపుల దగ్గర నేలమీదనే పెద్ద తెల్లటి అక్షరాలతో రెండు మాటలు రాసి ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు మాట, "స్లో" అని. రెండోదాన్ని నేను "అరాఫ్" అని చదివితే మనవరాలు నవ్వింది. "అరాఫ్ కాదు తాతయ్యా, అరవ్! వెల్ష్ భాషలో ఒక్క ఎఫ్ రాస్తే వ అని పలకాలి. నెమ్మదిగా అని అర్థం." ఇంత దూరం వచ్చి అరవం విన్నానా అని నాకూ నవ్వు వచ్చింది. అక్కడ బడిపిల్లలందరూ ఇంగ్లీషుతోపాటు వెల్ష్ కూడా నేర్చుకోవాలి. మేము పోతున్న అడవి పేరు టీ కానొల్. ఈ టీ తాగేది కాదు. వెల్ష్‌లో టీ అంటే ఇల్లు. టీ కానొల్ అంటే మధ్య ఇల్లు అన్నమాట.

పెంబ్రోక్‌షైర్ చేరిన తరవాత పెద్ద రోడ్డు వదిలి, సందులాంటి దారిలో పడ్డాము. ఇరువైపులా మనిషెత్తు మట్టిగట్లు, వాటిమీద కంచెగా పెంచిన పొదలు. ఒక్క కారు మాత్రమే పడుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే, మా అమ్మాయి కారును వెనక్కు నడిపి, దారి కాస్త వెడల్పయిన చోట ఆపింది. ట్రాక్టరు తోలే రైతు చెయ్యి ఎత్తి పోయాడు. గట్ల సందుల్లోంచి పచ్చిక బీళ్ళు, గొర్రెలు, వాటివెంట గంతులు వేసే పిల్లలు కనిపించాయి. దూరాన ప్రెసెలి కొండలు. ఎత్తయినవి కావుగాని పేరుగలవి. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అనే రాతి వలయం ఉన్నదని మీరు చదివి ఉంటారు. అందులోని నీలిరాళ్ళు సుమారు 5,000 ఏళ్ళ కిందట ఈ కొండలనుంచే పోయాయి. దూరం 240 కిలోమీటర్లదాకా ఉంటుంది. ఒక్కొక్క రాయి రెండు మూడు టన్నులు. బండిచక్రం ఇంకా ఆ దీవికి రాని కాలం మరి!

మొదట పెంత్రె ఇవాన్ అనే చోట దిగాము. బీడు మధ్య నిలబెట్టిన రాళ్ళు, వాటి మొనలమీద కప్పుగా ఒక పెద్ద బండ. బండ పొడవు 5 మీటర్లు, బరువు సుమారు 16 టన్నులు. అంత బరువునూ మూడే రాళ్ళు మోస్తున్నాయి. నేను కింద నిలబడి చెయ్యి ఎత్తినా బండ అందలేదు. రాతియుగపు మనుషులు సుమారు 5,500 ఏళ్ళ కిందట కట్టిన సమాధి ఇది. మన తెలుగుదేశంలోనూ ఇటువంటి రాతి సమాధులు ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళు అంటారు. అవి దీనికన్నా వయసులో చాలా చిన్నవి. 1882లో బ్రిటన్‌లో పురాతన కట్టడాలను కాపాడటానికి మొదటి చట్టం చేసినప్పుడే ఈ సమాధిని అందులో చేర్చారు.

అక్కడినుంచి అడవికి కాలిబాట. గేటు తీసి, దాటి, మళ్ళీ మూశాము. గేటు ఎట్లా ఉన్నదో అట్లాగే వదిలిపోవటం అక్కడి మర్యాద. లేకపోతే మందలు కలిసిపోతాయి.

నిజం చెప్పాలంటే టీ కానొల్ నన్ను మొదట నిరాశపరచింది. అడవి అంటే నా మనసులో నల్లమల. ఇక్కడ ఓక్ చెట్లు పొట్టివి, వంకర టింకరవి. మన ఊరి మర్రిచెట్టు ముందు ఇవి ఏపాటి? అయిదు నిమిషాలు నడిచాక కళ్ళు అలవాటుపడ్డాయి. చెట్లమధ్య ఇళ్ళంతేసి బండలు. ప్రతి బండకూ మెత్తని పచ్చటి నాచు దుప్పటి. కొమ్మలమీదనే ఫెర్న్ మొక్కలు బతుకుతున్నాయి. వాన లేకపోయినా చెట్ల బెరడు తడిగానే ఉన్నది, సముద్రం దగ్గరే గనక. చెట్ల కింద నీలిగంటల పూలు విరగబూసి ఉన్నాయి. వర్షారణ్యం అంటే ఉష్ణమండలంలోనే ఉంటుందని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. అది పొరపాటు. ఇటువంటి చల్లటి వర్షారణ్యాలు కూడా ఉన్నాయి.

ఒక బండమీద బూడిదరంగు పొక్కులాంటి మచ్చ కనిపించింది. అరచెయ్యంత ఉంటుంది. బడి రోజుల అలవాటు చొప్పున నా జేబులో భూతద్దమూ, కాగితం పొట్లమూ ఎప్పుడూ ఉంటాయి. ఎన్ని ఆకులు, ఎన్ని పురుగులు అట్లా తరగతికి తెచ్చి చూపించానో! మచ్చ అంచుకు గోరు పెట్టాను.

"తాతయ్యా, వద్దు!" అని మనవరాలు నా చెయ్యి పట్టుకున్నది.

"నమూనాకేనే, కొంచెం," అన్నాను. కాస్త కోపం వచ్చిన మాట నిజమే.

"అది ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదేమో. లెక్క కట్టు," అన్నది.

కట్టాను. అంచు ఏడాదికి ఒక మిల్లీమీటరు జరుగుతుందనుకుందాం. మచ్చ నడిమినుంచి అంచుకు 5 సెంటీమీటర్లు, అంటే 50 మిల్లీమీటర్లు. యాభై ఏళ్ళు! అర మిల్లీమీటరే అయితే వందేళ్ళు. గోరు తీసేశాను.

ఆ మచ్చ పేరు లైకెన్. చూడటానికి ఒక్క ప్రాణిలా ఉంటుంది గాని, అది ఒక కాపురం. బూజు జాతిది ఇల్లు కట్టి నీటిని పట్టి ఉంచుతుంది. లోపల కాపురమున్న ఆకుపచ్చని సూక్ష్మజీవులు ఎండతో ఆహారం వండిపెడతాయి. ఈ సంగతి 1867లో ష్వెండెనర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు చెప్పినప్పుడు లైకెన్ పండితులు చాలామంది నమ్మలేదు. టీ కానొల్ అడవిలో సుమారు 400 రకాల లైకెన్లు ఉన్నాయి. నేను భూతద్దంతో ఒక్క ఓక్ మొద్దుమీదనే పదకొండు రకాలు లెక్కపెట్టి, మెడ నొప్పిపుట్టి మానేశాను.

ఇక అడవి వయసు. ఇంగ్లండులోనూ వేల్స్‌లోనూ 1600వ సంవత్సరం నుంచి ఎడతెగకుండా అడవిగా ఉన్న చోటును ప్రాచీన అరణ్యం అంటారు. ఆ కాలంలో కొత్తగా అడవి నాటేవాళ్ళు అరుదు గనక, అప్పటికే ఉన్న అడవి ఇంకా ఎంతో పాతదై ఉంటుంది. చెట్లన్నీ పాతవని కాదు. వంటచెరకుకూ బొగ్గులకూ జనం ఇటువంటి అడవులను నరుకుతూనే వచ్చారు. మోళ్ళు మళ్ళీ చిగిర్చాయి. నీడ, తడి, మట్టి మాత్రం ఎన్నడూ పూర్తిగా తెగిపోలేదు. ఒక చెట్టు పడితే దాని లైకెన్లకు పక్కన ఇంకో ముసలి చెట్టు దొరికింది. ఇవాళ మనం ఓక్ విత్తనాలు నాటితే చెట్లు వస్తాయి. ఆ 400 రకాలు విత్తనాలతో రావు.

అట్లా తెగిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకు కరువు వచ్చింది. 1919లో ప్రభుత్వం అడవులు పెంచే శాఖను స్థాపించింది. తరవాతి దశాబ్దాలలో వేల్స్‌లో ఎన్నో పాత ఓక్ అడవులు కొట్టి, త్వరగా ఎదిగే సూది ఆకుల చెట్లు వరసలుగా నాటారు. ఆ చీకటి కింద నాచు, పూలు నశించాయి. గాలివల్లనూ ముప్పే. లైకెనుకు వేరు లేదు; గాలిలోనూ వానలోనూ ఏమి ఉంటే అదే తాగాలి. బొగ్గుపొగ కమ్మిన పట్టణాల్లో లైకెన్లు చచ్చిపోయాయి. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు చెట్టుమీద ఏ లైకెన్లు ఉన్నాయో చూసి గాలిలో గంధకపు పొగ ఎంతో చెప్పే కొలబద్ద తయారుచేశారు. ఇప్పుడు ఆ పొగ బాగా తగ్గింది. పశువుల పెంటనుంచీ ఎరువులనుంచీ లేచే అమోనియా దాని చోటికి వచ్చింది.

గొర్రెల సంగతీ తమాషాయే. మందలు ఎక్కువైతే ఓక్ మొలకలు మిగలవు. బొత్తిగా లేకపోతే ముళ్ళపొదలు పెరిగి లైకెన్లకు వెలుతురు అందదు. అన్నంలో ఉప్పులాగా, మేత కూడా పాళంగా ఉండాలి.

రాత్రి ఇంటికి చేరాక అమ్మాయి బిరియాని వండబోయి, మసాలా డబ్బాలోనుంచి ఎండిన నల్లటి రేకులు తీసింది. మన దుకాణాల్లో రాతిపువ్వు అని అమ్ముతారే, అవి. హైదరాబాదునుంచి తెచ్చుకున్నది. మనవరాలు భూతద్దం పెట్టి చూసి, "తాతయ్యా, ఇదీ లైకెనే!" అన్నది.

అవును, అదీ లైకెనే. ఆ జాతి వేల్స్ చెట్లమీద కూడా పెరుగుతుంది. నలభై ఏళ్ళుగా తింటున్నాను, ఒక్కసారి భూతద్దం పెట్టి చూడలేదు.

"దీన్ని ఎక్కడ పండిస్తారు?"

"పండించరు. కొండల్లో చెట్లమీదనుంచీ రాళ్ళమీదనుంచీ గీకి తెస్తారు."

"మళ్ళీ పెరగటానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

ఆకులాంటి రకాలు కొంచెం త్వరగానే పెరుగుతాయి, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. మనవరాలు అప్పటికే స్కేలు తెచ్చి ఒక రేకును కొలుస్తున్నది. నేను కాగితమూ పెన్సిలూ తీసుకున్నాను.