వరదలకు ముందే బోటు మోటారు తనిఖీ
స్పార్కు లోపాలను వరుసక్రమంలో గుర్తించే విధానం

(ప్రత్యేక వ్యాసం)

గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల ప్రజలకు బోటే ఆధారం. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు ప్రజల తరలింపులోను, ఆహారం, తాగునీరు, మందుల పంపిణీలోను బోట్లు కీలకపాత్ర వహించాయి. అటువంటి బోటుకు వెనుక భాగాన బిగించే అవుట్‌బోర్డ్ మోటారు నడి ప్రవాహంలో ఆగిపోతే, బోటు అదుపు తప్పి వంతెన స్తంభాలకో, నీట మునిగిన చెట్లకో కొట్టుకునే ప్రమాదం ఉన్నది. కావున మోటారు స్థితిని వరద వచ్చిన నాడు గాక, వర్షాకాలానికి ముందే పరీక్షించుట అవసరం.

మోటారు స్టార్టు కాకపోవుటకు ప్రధాన కారణాలు రెండు. ఇంధనం సరిగా అందకపోవుట ఒకటి, ఇంధనాన్ని మండించే స్పార్కు రాకపోవుట రెండవది. స్పార్కు రాలేదనగానే ‘సి.డి.ఐ. పోయింది’ అని నిర్ధారించి, ఖరీదైన ఆ విడిభాగం కోసం రోజుల తరబడి బోటును ఒడ్డున నిలిపివేయుట పరిపాటి. అయితే అనేక సందర్భాలలో లోపం ప్లగ్గులోనో, తుప్పుపట్టిన కనెక్షనులోనో, స్టాప్ స్విచ్చిలోనో ఉంటుంది. చౌకైన, సులభమైన పరీక్షలతో మొదలుపెట్టి ఖరీదైన భాగాల వైపు వెళ్లుట సరైన పద్ధతి.

స్పార్కు పుట్టే విధానం

తాడు లాగి స్టార్టు చేసే చిన్న, మధ్యతరహా మోటార్లలో స్పార్కు కొరకు సాధారణంగా బ్యాటరీ అవసరం ఉండదు. మోటారు పైభాగాన గల ఫ్లైవీలులో అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. తాడు లాగినప్పుడు ఇవి తిరిగి, లోపలి ఛార్జింగ్ కాయిలులో విద్యుత్తు పుట్టిస్తాయి. ఆ విద్యుత్తు సి.డి.ఐ. యూనిట్‌లోని కెపాసిటరులో నిల్వ అవుతుంది. పల్సర్ కాయిల్ నుండి సంకేతం అందిన క్షణంలో ఆ నిల్వ ఇగ్నిషన్ కాయిలులోకి ఒక్కసారిగా విడుదలై, వేల వోల్టులకు పెరిగి, ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వగా దూకుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా స్పార్కు రాదు.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

ప్లగ్గు తీసిన రంధ్రం నుండి పెట్రోలు ఆవిరి వెలువడుతుంది గనుక ఇంధన గొట్టాన్ని వేరుచేసి, గాలి తగిలే ఆరుబయట పరీక్ష జరపాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ప్లగ్గు తీగను చేతితో పట్టుకొనరాదు. తడి నేలపై నిలిచిన వానికి తగిలే షాకు ప్రమాదకరం. ప్లగ్గు తీగలను గాలిలో వదిలి తాడు లాగినచో సి.డి.ఐ. దెబ్బతినే అవకాశం కలదు కనుక ప్రతి తీగను స్పార్కు టెస్టరుకు గాని, ఇంజను లోహానికి ఆనించిన ప్లగ్గుకు గాని కలపాలి. ఆ స్పార్కు ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉండాలి.

వరుసక్రమంలో పరీక్షలు

మొదట చూడవలసినది స్టాప్ స్విచ్చి. డ్రైవరు నీటిలో పడినచో మోటారు ఆగిపోవుటకు ఈ స్విచ్చి క్లిప్పును తాడుతో ఆయన చేతికి గాని, లైఫ్ జాకెట్‌కు గాని కడతారు. క్లిప్పు స్థానంలో లేకున్నను, స్విచ్చి లోపల ఉప్పు గాని తుప్పు గాని పేరుకున్నను సి.డి.ఐ. విద్యుత్తు నేరుగా ఎర్త్‌కు పోయి స్పార్కు రాదు. క్లిప్పు సరిగా ఉన్నను స్పార్కు లేనిచో స్టాప్ తీగను విడదీసి మరల పరీక్షించాలి. అప్పుడు స్పార్కు వచ్చినచో లోపం స్విచ్చిలో గాని, దాని తీగలో గాని ఉన్నట్లు. అయితే ఇది పరీక్ష కొరకు మాత్రమే. ఆ తీగను కలపకుండా బోటును నీటిలోకి పంపుట ప్రాణాపాయం.

రెండవది ప్లగ్గు. లేత గోధుమ రంగు మంచి స్థితికి గుర్తు. నల్లగా, తడిగా ఉన్నచో ఇంధనం అధికంగా చేరుతున్నదని గాని, స్పార్కు అందడం లేదని గాని అర్థం. తెల్లబారినచో ఇంజను అతిగా వేడెక్కుతున్నట్లు. కంపెనీ మాన్యువల్‌లో సూచించిన రకం కొత్త ప్లగ్గును, అందులో తెలిపిన ఎడంతో అమర్చి చూడాలి.

మూడవది స్పార్కు బలం. బలమైన స్పార్కు నీలి తెలుపు రంగులో, చిటపట శబ్దంతో దూకుతుంది. బలహీనమైనది పసుపు, నారింజ రంగులలో ఉంటుంది. బయటి గాలిలో కనిపించిన స్పార్కు సిలిండరులోని ఒత్తిడికి ఆగిపోవచ్చును. అందువలన ఎడం సరిచేయగల స్పార్కు టెస్టరు వాడుట మేలు.

లోపం ఎక్కడ?

రెండు సిలిండర్ల మోటారులో ఒకదానికే స్పార్కు లేనిచో ముందుగా ప్లగ్గులను పరస్పరం మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతో పాటు మారినచో దోషం ప్లగ్గుదే. మారనిచో ఆ సిలిండరుకు చెందిన క్యాపు, తీగ, ఇగ్నిషన్ కాయిలులను పరిశీలించాలి. రెండింటికీ స్పార్కు లేనిచో ఉమ్మడి భాగాలైన స్టాప్ స్విచ్చి, ఎర్త్ కనెక్షను, ఛార్జింగ్ కాయిల్, సి.డి.ఐ.లను ఆ వరుసలో చూడాలి.

కాయిళ్ల నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచి మాన్యువల్‌లోని అంకెలతో పోల్చవచ్చును. అయితే కాయిల్ ఇచ్చే క్షణకాలపు వోల్టేజిని సాధారణ మల్టీమీటరు పట్టలేదు. అందుకు పీక్ వోల్టేజి అడాప్టరు కావాలి. ఛార్జింగ్ కాయిల్, పల్సర్ కాయిల్ రెండూ సరైన వోల్టేజి ఇస్తూ, స్టాప్ తీగ విడదీసినను సి.డి.ఐ. నుండి ఏమీ రానప్పుడే దానిని మార్చాలి.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, వేడెక్కిన తరువాత ఆగే మోటార్లు మరింత ప్రమాదకరం. వేడికి కాయిల్ లోపలి సన్నని తీగ విడిపోయి, చల్లారగానే మరల కలియుట ఇందుకు ఒక కారణం. రెండు నిమిషాల పరీక్షలో ఇది బయటపడదు. కాబట్టి మోటారును నీటి డ్రమ్ములో గాని, ఒడ్డుకు కట్టిన బోటుపై గాని పూర్తిగా వేడెక్కే వరకు నడిపి, ఆగిన వెంటనే స్పార్కు చూడాలి. నీరు లేకుండా నడిపినచో కూలింగ్ పంపు పాడగును.

స్పార్కు బలంగా ఉండియు మోటారు స్టార్టు కానిచో ఇంధనాన్ని పరిశీలించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది గనుక గత సంవత్సరం ట్యాంకులో మిగిలిన పెట్రోలును తొలగించుట మంచిది.

రిజిస్టరులో నమోదు

భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండవది 48 అడుగులకు, మూడవది 53 అడుగులకు జారీ అవుతాయి. మొదటి హెచ్చరిక నాటికే ప్రతి బోటుకు పరీక్ష తేదీ, స్పార్కు స్థితి, మార్చిన భాగాలు రిజిస్టరులో నమోదై ఉండాలి. బోటుతోపాటు అదనపు ప్లగ్గులు, ప్లగ్గు పానా, స్టాప్ స్విచ్చికి మరొక క్లిప్పు, తెడ్లు, లంగరు ఉంచాలి. బోట్ల సంసిద్ధతను గూర్చి తెలుసుకొనే పాత్రికేయులు సైతం బోట్ల సంఖ్యతో పాటు, మోటారు వేడెక్కే వరకు నడిపి చూసినవి ఎన్ని అని అడుగుట సముచితం. లంక గ్రామంలో బోటు కొరకు ఎదురుచూచే కుటుంబానికి ఉపయోగపడేది ఆ సంఖ్యయే.