క్యాసెట్లో ఊరి పటం

కారులో దారి చూపే పెట్టె అనగానే ఇప్పుడు అందరికీ ఉపగ్రహాలే గుర్తొస్తాయి. మొదటి పెట్టెలకు వాటితో పనే లేదు.

1981లో జపాన్‌లో హోండా తన అకార్డ్ కారు కొనేవాళ్ల కోసం ‘ఎలక్ట్రో గైరోకేటర్’ తెచ్చింది. కారు ఎటు తిరిగిందో హీలియం వాయువుతో పనిచేసే గైరో చెబుతుంది. పటం మాత్రం పారదర్శకమైన ఫిల్మ్ మీద అచ్చువేసిందే! దాన్ని చిన్న తెర ముందు పెట్టుకుంటే వెనక వెలుగుచుక్క కదులుతూ పోతుంది. పటం అంచు దాటారా, ఇంకో ఫిల్మ్ వెతుక్కోవాల్సిందే.

అసలైన కిటుకు 1985లో కాలిఫోర్నియాలో దొరికింది. పడవ పందేల్లో దిక్కులు చూసే స్టాన్ హనీ, వీడియో గేముల కంపెనీ అటారీ స్థాపకుడు నోలన్ బుష్నెల్ పెట్టుబడితో ‘ఈటాక్ నావిగేటర్’ను తయారుచేశాడు. చక్రాల దగ్గర సెన్సర్లు, ఒక దిక్సూచి, డ్యాష్‌బోర్డు మీద పచ్చగీతల తెర. చక్రాలు ఎంత తిరిగాయో, కారు ఎటు మళ్లిందో చూసి అది ఎక్కడుందో తేల్చే ఈ చక్రాల లెక్కలో ఓ చిక్కుంది: టైరులో గాలి తగ్గినా, ఇనప వంతెన దిక్సూచిని లాగినా, చిన్న తప్పు పోనుపోను పెద్దదవుతుంది. హనీ బృందం కారు రోడ్డు మీదే నడుస్తుందన్న సంగతిని పట్టుకుంది. లెక్క ప్రకారం కారు ఎవరి పెరట్లోనో ఉందనుకోండి, ఇప్పుడే తిరిగిన మలుపు పక్కవీధి మలుపుతో సరిపోతే కంప్యూటర్ తెర మీది కారు గుర్తును ఆ వీధిలోకి జరిపేస్తుంది. అప్పటిదాకా బొమ్మగా ఉన్న పటం, యంత్రం తప్పులు దిద్దే పంతులైంది.

ఆ పటాలేమో ప్రత్యేక క్యాసెట్లలో వచ్చేవి. ఒక్క లాస్ ఏంజెలిస్ ప్రాంతానికే ఒక టేపు చాలేది కాదు. వాటిలోకి ఎక్కించిన వీధులు ప్రభుత్వ కాగితపు పటాల నుంచీ విమానాల్లోంచి తీసిన ఫొటోల నుంచీ తీసుకున్నవే. కాగితానికీ కంప్యూటరుకూ వైరం కట్టేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు.

తర్వాత జీపీఎస్ వచ్చింది గానీ, 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే సంకేతాన్ని కావాలనే మసకబార్చింది. వంద మీటర్ల దాకా తేడా వస్తే ఏ వీధిలో ఉన్నామో తేల్చడమెలా? అందుకే పటంతో సరిచూసే పద్ధతి నిలిచింది. సంకేతం అందని సొరంగాల్లో చాలా కార్లు ఇవాళ్టికీ చక్రాల లెక్కనే నమ్ముకుంటాయి.

ఈటాక్ కంపెనీ 1989లో రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్పొరేషన్‌కు, ఆపైన సోనీకి, తర్వాత పటాల కంపెనీ టెలీ అట్లాస్‌కు చేతులు మారింది. ఆ టెలీ అట్లాస్‌ను 2008లో దారి చూపే పెట్టెలు చేసే టామ్‌టామ్ కొనేసింది. హనీ మాత్రం టీవీ వైపు మళ్లి, అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద టీవీ ప్రేక్షకులకు మాత్రమే కనిపించే పసుపు గీత గీయించాడు.