కడబంతికీ అందాలి పాఠం

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. డల్లాస్ శివార్లలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. ఒక తెల్లబోర్డు, నాలుగు కుర్చీలు, టీ ఫ్లాస్కు. స్టూలు మీద లావుపాటి పుస్తకాలు పేర్చి, వాటి మీద లాప్‌టాప్. గదిలో ఉన్నది నలుగురే. ఎమ్మెస్ చదువుతున్న ఇద్దరు సివిల్ కుర్రాళ్లు, నాలాగే భార్య ఉద్యోగం మీద ఈ దేశం వచ్చిన ఒకాయన, ఇళ్ల ఇన్‌స్పెక్షన్ పని నేర్చుకోవాలనుకుంటున్న ఒక అక్కయ్య. తెర మీద మాత్రం పదకొండు మంది. కువైట్, దమ్మామ్, దోహా. ఇక్కడ తొమ్మిదైతే కువైట్‌లో సాయంత్రం అయిదు. చలికాలం మా గడియారం మారితే ఆరు. డ్యూటీ దిగి, చొక్కా కూడా మార్చుకోకుండా మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుంటారు.

నేను పంతుల్ని కాదు. కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వచ్చినవాణ్ని. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఆరేళ్లు దుబాయ్‌లో, ఇప్పుడు టెక్సాస్‌లో సైట్ సూపర్‌వైజర్ని. గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఒకటి కళ్లారా చూశాను. పనితనంలో ఏ తేడా లేకపోయినా, డ్రాయింగ్ చదవడం వచ్చినవాడు ఛార్జ్‌హ్యాండ్ అవుతాడు. రానివాడు పదేళ్లయినా సలాకలు మోస్తూనే ఉంటాడు. అందుకే పాత దోస్తులు అడిగితే కాదనలేక ఈ క్లాసు మొదలుపెట్టాను. డల్లాస్ వాళ్లు కొందరు మేమూ వస్తామన్నారు. సరే, రెండూ కలిపి ఒకేసారి చెప్పేద్దాం, పోయేదేముంది అనుకున్నా.

పోయింది. ఒక మనిషి పోయాడు.

కిటికీలోంచి చూసినట్టు

రెండో నెలలో కువైట్ తమ్ముడొకడు క్లాసుకు రావడం మానేశాడు. జగిత్యాల వైపు వాడు. స్టీల్ ఫిక్సర్. అందరికన్నా ముందు కనెక్ట్ అయ్యేవాడు. ఏమైందని ఫోన్ చేశాను.

“అన్నా, నువ్వు బోర్డు మీద రాసుకుంట ఆ గదిలో వాళ్లతోనే మాట్లాడుతున్నవ్. ల్యాప్ ఎంత వదలాలని మూడు వారాలు రాసిన. చూసినోడు లేడు. కిటికీలకెళ్లి పక్కింటి పెండ్లి చూసినట్టుంది. ఆకలి మీద కూసోని ఆ చూసుడెందుకని వంట చేసుకున్న” అన్నాడు.

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఎందుకంటే అంతకు ముందటేడు నేనూ అదే కిటికీ అవతల ఉన్నాను. ఇక్కడ ఒక కాలేజీలో సాయంత్రం పూట ఎస్టిమేషన్ క్లాసులో చేరాను. సగం మంది గదిలో, సగం మంది ఆన్‌లైన్లో. సైట్ వదిలేసరికి ఆలస్యమై పికప్ ట్రక్కులోనే కూర్చుని ఫోనులో వినేవాణ్ని. గదిలో ఎవరో ప్రశ్న అడిగేవారు. అది మాకు వినపడేది కాదు. లెక్చరర్ “మంచి ప్రశ్న” అని జవాబు చెప్పేవాడు. ప్రశ్న తెలియని జవాబు తలుపు లేని తాళంచెవి. గదిలో అందరూ నవ్వితే ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. ఇంత తిట్టుకున్నవాణ్ని, నా చేతికి బోర్డు రాగానే అదే పని చేశాను.

మన పెద్దలు ఊరికే అనలేదు, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. ఆన్‌లైన్ విద్యార్థిది కడబంతి. అక్కడికి కూర వెళ్లిందో లేదో వడ్డించేవాడు తల ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.

యాభై ఏళ్ల నాటి సంగతి

ఈ గది-తెర కలిపిన చదువు కరోనాతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1969లోనే ఇంజినీరింగ్ క్లాసుల్ని మైక్రోవేవ్ టీవీ ద్వారా చుట్టుపక్కల కంపెనీలకు లైవ్‌గా పంపింది. గదిలో విద్యార్థులు ముందు కూర్చుంటే, కంపెనీల్లో ఇంజినీర్లు టీవీ ముందు కూర్చునేవారు. బొమ్మ ఒకవైపే వెళ్లేది. మాట మాత్రం వెనక్కి వచ్చే ఏర్పాటు అప్పుడే పెట్టారు. కంపెనీలో కూర్చున్నవాడు అక్కడి నుంచే ప్రొఫెసర్‌ను ప్రశ్న అడగొచ్చు. ఆ రోజుల్లోనే వాళ్లకు తట్టింది, అడిగే దారి లేకపోతే అది క్లాసు కాదు, సినిమా అని.

అసలు ముచ్చట ఆ తర్వాత జరిగింది. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ ఇంజినీర్లు కొందరు దూరంగా శాంటా రోసాకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడికి టీవీ సిగ్నల్ అందదు. జేమ్స్ గిబ్బన్స్ అనే ప్రొఫెసర్ 1970ల మొదట్లో ఒక ఉపాయం చేశాడు. క్లాసును టేపు మీద రికార్డు చేసి పంపాడు. కానీ ఎవరికి వారు ఒంటరిగా చూడకూడదు. కొద్దిమంది ఒక గుంపుగా కూర్చోవాలి. వాళ్లతో ఒక ట్యూటర్ ఉంటాడు. ఆయన మహా పండితుడు కానక్కర్లేదు, సాటి ఇంజినీరైతే చాలు. అయిదు పది నిమిషాలకోసారి టేపు ఆపాలి. అర్థమైందా, కాలేదా మాట్లాడుకోవాలి. మళ్లీ నడపాలి.

ఫలితం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఇలా ఆపుకుంటూ చూసినవాళ్లకు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చున్న క్యాంపస్ విద్యార్థుల కన్నా మంచి గ్రేడ్లు వచ్చాయి. 1977లో ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి రాశారు. అంటే తేడా దూరంలో లేదు. ఆగడంలో, అడగడంలో ఉంది.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించింది. సైట్ అని దానికి పేరు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులోనే కార్యక్రమాలు. కరెంటు వెలుగు కూడా సరిగా చూడని ఊళ్లలో పంచాయతీ, బడి ముందు జనం గుమిగూడి చూశారు. గొప్ప పని. కానీ పల్లె నుంచి తిరిగి అడిగే దారి ఆ తెరకు లేదు.

2006 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ బీటీ అనే ప్రొఫెసర్ ‘హైఫ్లెక్స్’ అనే పద్ధతి తెచ్చాడు. ఈ వారం గదికి వస్తావా, ఇంటి నుంచి వింటావా అన్నది విద్యార్థి ఇష్టం. ఏ దారిన వచ్చినా నేర్చుకునేది సమానంగా ఉండాలన్నది షరతు. 2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు వాళ్లు బోస్టన్‌లో ఒక టీవీ స్టూడియోలో ఏకంగా గోడంతా తెరలు పెట్టారు. అరవై మంది మొహాలు ప్రొఫెసర్ ఎదుట వరుసగా కనపడేవి. అంత డబ్బు మనకెక్కడిది? కానీ ఆలోచన ఒక్కటే. పాఠం చెప్పేవాడి కళ్లెదుట దూరపువాడి మొహం ఉండాలి.

2020 మార్చిలో కరోనా వచ్చి కాలేజీలన్నీ మూతపడ్డాక ఈ పద్ధతి ఒక్కసారిగా ప్రతి ఊరికీ వచ్చిపడింది. నేర్పేవాళ్లకు తర్ఫీదు లేదు, గదుల్లో మైకులు లేవు. నా ఎస్టిమేషన్ క్లాసు లాంటివి చాలా అలా పుట్టినవే.

వీసా లెక్క మరవొద్దు

ఇక్కడ చదువుకునే మన పిల్లలకు ఒక మాట. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఒక సెమిస్టర్‌లో ఒకే ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. కరోనా సమయంలో దీన్ని సడలించారు. 2020 జూలై 6న మాత్రం, పూర్తిగా ఆన్‌లైన్లో చదివేవాళ్లు దేశం వదలాలని ప్రకటించారు. ఆ వారం మన ఇళ్లల్లో నిద్రలు లేవు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. జూలై 14న ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. తర్వాత సడలింపూ పోయింది, పాత నియమం మళ్లీ వచ్చింది. కనుక ‘లైవ్‌స్ట్రీమ్ ఉంది కదా, ఇంట్లోంచి వింటాలే’ అనుకునే ముందు, ఆ కోర్సు కాగితాల మీద గది కోర్సో ఆన్‌లైన్ కోర్సో కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడగండి. నోటి మాట కాదు, ఈమెయిల్లో అడగండి. హెచ్-1, హెచ్-4 మీద చదువుకునేవాళ్లకు ఈ లెక్క లేదు.

ఇంకొకటి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. వీసాల కోసమే నడిపిన బోగస్ వ్యవహారమని కోర్టులో తేలి, నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. కానీ ముందు నలిగిపోయింది విద్యార్థులు. ఎక్కువమంది భారతీయులే, వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. కొందరి కాళ్లకు రేడియో కడియాలు తగిలించారు. గదికి రానక్కర్లేదు, ఫీజు కడితే చాలు అనే చదువు కనపడితే, ముందు అక్కడ అసలు పాఠం జరుగుతోందా అని చూడాలి.

మేము మార్చుకున్నది

కువైట్ తమ్ముడితో మాట్లాడాక ఆ వారం నిద్ర పట్టలేదు. సైట్‌లో రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్ చెబుతాను. ఆ రోజు పనిలో ప్రమాదాలేమిటో అయిదు నిమిషాలు చెప్పడం. మా వాళ్లలో సగం మందికి స్పానిషే వచ్చు. కార్మికుడికి అర్థమయ్యే భాషలోనే భద్రతా శిక్షణ ఇవ్వాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2010లో గట్టిగా చెప్పింది. సంతకం పెట్టించుకుంటే సరిపోదు, అర్థమైందో లేదో చూసుకోవాలి. సైట్‌లో ఈ జాగ్రత్త తీసుకునే నేను ఆదివారం క్లాసులో తెర మీద పేర్లు లెక్కబెట్టి అందరూ ఉన్నారనుకున్నాను. పేరుండటం వేరు, మనిషుండటం వేరు.

మొదట ఒక వడ్డించే మనిషిని పెట్టాం. అక్కయ్య ఆ పని తీసుకుంది. నేను పాఠం చెబుతుంటే ఆమె ఫోనులో తెరవైపు వాళ్లను చూస్తుంది. ఎవరు ఏం రాసినా నన్ను ఆపి గట్టిగా చదువుతుంది. నేను మొహమాటపడినా ఆమె మొహమాటపడదు. రెండోది, మొదటి ప్రశ్న ఎప్పుడూ తెరవైపు నుంచే. గదిలో వాళ్ల వంతు తర్వాత. మూడోది, ఎవరు ఏం అడిగినా ముందు ప్రశ్నను నేను తిరిగి చెప్పి, ఆ తర్వాతే జవాబు.

నాలుగోది, బోర్డు తీసేశాం. కాగితం మీద గీస్తాను, పైనుంచి ఫోను కెమెరా చూస్తుంది. గదిలో వాళ్లు కూడా తెర మీదే చూడాలి. అందరికీ ఒకటే బొమ్మ. ఇక్కడ నంబర్ 4 సలాక అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అరంగుళం మందం. గల్ఫ్‌లో దాదాపు అదే 12 ఎం.ఎం. సలాక. రెండు లెక్కలూ పక్కపక్కనే రాస్తాను. చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొన్నాం. బొమ్మ మసకగా ఉన్నా ఓర్చుకుంటారు గానీ, మాట తెగితే మనిషి లేచిపోతాడు.

అయిదోది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ దగ్గర అరువు తెచ్చుకున్నది. పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా రికార్డు చేసి పంపుతున్నాం. క్యాంపులో ఒక్కడే చూడొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఫోనులో చూడండి, ముక్క అయిపోగానే ఆపి మాట్లాడుకోండి అని చెప్పాం. డేటా ఖర్చు కూడా తగ్గింది.

జగిత్యాల తమ్ముడిని మళ్లీ రమ్మని బతిమాలలేదు. ‘నీ రూమ్‌లో నలుగుర్ని కూర్చోబెట్టి ఈ ముక్కలు నడిపించు, పాఠం నీదే’ అన్నాను. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు ఒక ఫొటో పంపాడు. మంచాల మధ్య తిరగేసిన బకెట్, దాని మీద ఫోను, చుట్టూ ముగ్గురు. వీడి చేతిలో పెన్సిలు.

పోయిన నెల అతనే క్లాసులో నన్ను ఆపాడు. ల్యాప్ అంటే సలాక మందానికి నలభై రెట్లు అని నోటి లెక్క చెప్పేశాను. “అన్నా, ఆగు. మా డ్రాయింగ్ జనరల్ నోట్స్‌లో వేరే ఉంది. నోటి లెక్క ఎందుకు, కాగితం చదువమని నువ్వే కదా చెప్పినవ్” అన్నాడు. కాగితం కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించాడు. అతను చెప్పిందే నిజం. గదిలో నలుగురూ, తెర మీద పది మందీ నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వారో అందరికీ తెలుసు.

మీ క్యాంపులోనో, మీ ఊరి గుడి హాల్లోనో మీరూ ఏదో ఒకటి నేర్పుతూ ఉండొచ్చు. ఇంగ్లిష్ కావచ్చు, వెల్డింగ్ కావచ్చు, పిల్లలకు తెలుగు కావచ్చు. మంచి కెమెరా లేదని ఆగొద్దు. అయితే మొదలుపెట్టే ముందు ఒక్కసారి తల ఎత్తి కడబంతి వైపు చూడండి. అక్కడ ఒకడు డ్యూటీ దిగి, వంట మానుకుని, మీ కోసం విస్తరి వేసుకుని కూర్చుని ఉంటాడు.