చేతికి ధ్రువపత్రం... చేరువ కాని కొలువు

కోల్‌కతా: మన జిల్లాల్లోని ఐటిఐలలో ఫిట్టరుగానో, టర్నరుగానో, ఎలక్ట్రీషియనుగానో శిక్షణ పొందే కుర్రవాని పాఠ్యప్రణాళిక ఎక్కడ తయారవుతుందో చాలామందికి తెలియదు. కోల్‌కతా శివార్లలోని సాల్ట్‌లేక్‌లో, కేంద్ర ప్రభుత్వం 1968లో పశ్చిమ జర్మనీ సహకారంతో నెలకొల్పిన సెంట్రల్ స్టాఫ్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ వృత్తికి ఎన్ని నెలల శిక్షణ అవసరం, అందులో యంత్రం ముందు గడపవలసిన గంటలెన్ని అన్న వివరాలతో పాఠ్యప్రణాళికలను రూపొందించడం ఈ సంస్థ బాధ్యత. దేశమంతటికీ చేతిపని పాఠాలు రాసి పంపుతున్న ఈ నగరంలోనే, పని నేర్చిన యువకునికి పని దొరకడం మాత్రం అంత సులభంగా లేదు.

ఇది ఒక్క కోల్‌కతాకే పరిమితమైన సమస్య కాదని 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక స్పష్టం చేసింది. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తొలి మూడు దశల అమలును కాగ్ అందులో సమీక్షించింది. పరిశీలించిన సుమారు 95.90 లక్షల మంది అభ్యర్థుల రికార్డులలో 94.53 శాతం మందికి సంబంధించి బ్యాంకు ఖాతా గడిలో సున్నాలున్నాయి, లేదా అది ఖాళీగా ఉంది. కొన్నిచోట్ల ఒకే ఫొటో పలువురు అభ్యర్థుల పేరిట కనిపించింది. స్వల్పకాలిక శిక్షణ ముగించి ధ్రువపత్రం పొందినవారిలో ఉద్యోగం దొరికినట్లు నమోదైనవారు 41 శాతం మాత్రమే. ఖాతా వివరాల నిబంధనను మధ్యలో సడలించామనీ, ఆధార్‌తో ముడిపడిన ఖాతాలకే సొమ్ము పంపే పద్ధతికి మారామనీ కేంద్ర మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఈ వివరణలో కొంత వాస్తవం ఉండవచ్చు. కాని ఖాతా సంఖ్యనే సరిగా రాయని చోట, శిక్షణ పొందినవాడు తర్వాత ఏమయ్యాడో ఎవరు రాసి ఉంటారన్న సందేహం పాఠకునికి కలగక మానదు.

శిక్షణ కేంద్రానికి సొమ్ము ముట్టే తీరును పరిశీలిస్తే ఈ పరిస్థితికి కారణం కొంతవరకు బోధపడుతుంది. ప్రభుత్వ నిధులతో నడిచే స్వల్పకాలిక శిక్షణకు కేంద్రం 2015 జూలైలో ఉమ్మడి నిబంధనలను ప్రకటించింది. యంత్రాలు, పరికరాలు ఎక్కువగా అవసరమయ్యే మొదటి తరగతి వృత్తులకు అభ్యర్థి ఒక్కొక్కరికి గంటకు రూ.38.50, రెండో తరగతికి రూ.33, మూడో తరగతికి రూ.27.50 చొప్పున మూల రేట్లను నిర్ణయించారు. చెల్లింపు మూడు వాయిదాలలో జరగాలి. శిక్షణ మొదలైనప్పుడు 30 శాతం, అభ్యర్థి పరీక్ష నెగ్గి ధ్రువపత్రం పొందినప్పుడు 50 శాతం, ఉద్యోగం చూపిన తర్వాత మిగిలిన 20 శాతం ముడతాయి. శిక్షణ ముగిసిన మూడు నెలల్లోగా కనీసం 70 శాతం మందికి ఉపాధి లభించాలన్నది లక్ష్యం.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి తరగతి వృత్తిలో 400 గంటల కోర్సుకు తలసరి రూ.15,400 అవుతుంది. 30 మంది ఉన్న బ్యాచికి మొత్తం రూ.4,62,000. ఒక్కరికీ ఉద్యోగం రాకపోయినా రూ.3,69,600 కేంద్రం నిర్వాహకుని చేతికి వస్తుంది. మిగిలినది రూ.92,400. ఈ సొమ్ము రావాలంటే ఫ్యాక్టరీల యజమానులను కలుసుకోవాలి, పిల్లలను పొరుగూరికి పంపాలి, అక్కడ వారు నిలదొక్కుకునేదాకా వెంట ఉండాలి, జీతం చీటీలు సేకరించి దాఖలు చేయాలి. అంత శ్రమ పడేకంటే మరో 30 మందిని చేర్చుకుని కొత్త బ్యాచి మొదలుపెట్టడం నిర్వాహకునికి గిట్టుబాటు. నిబంధన రాసినవారు దీనిని ఉద్దేశించి ఉండరు. అయినా డబ్బు ఎటు పారితే పని అటే సాగుతుంది. చిత్తశుద్ధితో ఉద్యోగాలు చూపిన కేంద్రాలూ లేకపోలేదు. అవి నిబంధన వల్ల కాక, దానితో నిమిత్తం లేకుండా ఆ పని చేశాయనే చెప్పవలసి ఉంటుంది.

పరీక్షలు, ప్రమాణాల విషయానికి వస్తే, ఆ బాధ్యతను పరిశ్రమల ప్రతినిధులతో ఏర్పాటైన రంగాలవారీ నైపుణ్య మండళ్లకు అప్పగించారు. ఈ మండళ్ల పనితీరును మదింపు వేయడానికి 2016లో నియమితమైన శారదా ప్రసాద్ కమిటీ అదే సంవత్సరాంతంలో నివేదిక సమర్పిస్తూ తీవ్ర విమర్శలు చేసింది. ప్రయోజనాల సంఘర్షణ ఉందనీ, పరిశ్రమలకు కావలసిన నైపుణ్యమూ, యువతకు కావలసిన ఉపాధీ రెండూ సమకూరలేదనీ పేర్కొంది. కాగ్ నివేదికకు తొమ్మిదేళ్ల ముందే ఈ హెచ్చరిక వచ్చింది.

కోల్‌కతాకు ఈ చర్చ కొత్తది కాదు. వంగ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం సాగుతున్న 1906లోనే బెంగాలీ విద్యావంతులు దీనిపై రెండుగా చీలిపోయారు. సాహిత్యం, శాస్త్రాలు, వృత్తివిద్య అన్నీ కలిసిన జాతీయ విద్య కావాలని ఒక వర్గం కోరగా, యువకులకు ముందు చేతిపని నేర్పాలని తారకనాథ్ పాలిత్ ప్రభృతులు పట్టుబట్టారు. మొదటి వర్గం స్థాపించిన బెంగాల్ జాతీయ కళాశాలకు అరవింద ఘోష్ ప్రిన్సిపాలు అయ్యారు. రెండో వర్గం అదే ఏడాది జూలై 25న బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ను తెరిచింది. 1910లో రెండూ ఏకమయ్యాయి. నిలిచి ఎదిగింది మాత్రం సాంకేతిక శాఖే. ఆ వృక్షమే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంగా రూపుదాల్చింది. చేతిపని నేర్పడానికి పుట్టిన సంస్థ ఇంజనీర్లను తయారుచేసే విశ్వవిద్యాలయంగా ఎదగగా, ఫిట్టరు, వెల్డరు చదువులకు వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ఆ చోటు దొరికింది యుద్ధానంతర పరిస్థితుల్లో. సైన్యం నుంచి విడుదలైన సిపాయిలకు ఉపాధి చూపడానికి 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. మనం ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి అని పిలుచుకునే కార్యాలయాలకు పునాది అదే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన శరణార్థులతో సియాల్దా స్టేషను నిండిపోయిన రోజులలో ఆ సేవలు కాందిశీకులకూ, 1948లో సామాన్య ప్రజలకూ అందుబాటులోకి వచ్చాయి. 1950లో చేతిపనివారల శిక్షణ పథకం, 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చాయి. ఐటిఐలో ఏడాదో రెండేళ్లో చదివి, ఆ తర్వాత ఫ్యాక్టరీలో మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకోవాలన్నది ఈ రెండింటి వెనుక ఉన్న ఊహ.

గంగకు ఆవలి ఒడ్డున ఉన్న హౌరాలో ఆ ఊహ కొంతకాలం ఫలించింది. చిన్నచిన్న ఫౌండ్రీలు, లేతు కార్ఖానాలతో కిక్కిరిసిన హౌరాకు ప్రాచ్య షెఫీల్డ్ అన్న పేరుండేది. పారిశ్రామికవేత్త ఆలామోహన్ దాస్ పేరిట వెలసిన దాస్‌నగర్‌లోనే ఐటిఐ బోధకులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఏర్పాటైంది. గురువు నేర్చుకునే చోటికి కూతవేటు దూరంలోనే శిష్యునికి పని దొరికేది. కాని 1966 నుంచి రైల్వే వ్యాగన్ల ఆర్డర్లు తగ్గడంతో ఇంజనీరింగ్ పరిశ్రమను మాంద్యం ఆవరించింది. తర్వాతి దశాబ్దాలలో జనపనార మిల్లులూ, పెద్ద ఫ్యాక్టరీలూ ఒకటి తర్వాత ఒకటి నీరసించాయి. శిక్షణ సంస్థ మిగిలింది, దాని పక్కనుండవలసిన పని తరిగిపోయింది.

మన తెలుగువారికి ఈ కథతో చుట్టరికం ఉంది. బ్రిటిష్ హయాంలో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు హుగ్లీ నది ఒడ్డున ఉన్న జనపనార మిల్లులకు వలస వెళ్లాయి. టీటాగఢ్ వంటి మిల్లు పట్టణాలలో తెలుగు కార్మికుల వాడలు వెలిశాయి. అక్కడ పని నేర్చుకోవడానికి బడి అక్కర లేదు. తండ్రి గాని, మేనమామ గాని మిల్లులో ఉంటే కుర్రవాడు ముందు బద్లీ కార్మికునిగా, అంటే రానివారి స్థానంలో పనిచేసేవానిగా, లోపలికి వెళ్లి మగ్గం ముందే నేర్చుకునేవాడు. కూలి తక్కువ, భద్రత లేదు. అయినా నేర్చుకునే చోటూ పనిచేసే చోటూ ఒక్కటే. మిల్లులు మూతపడుతూ తెరుచుకుంటూ ఉన్న కొద్దీ ఆ దారి ఇరుకై, వారి మనుమలు ఇతర వృత్తుల శిక్షణ కోసం వెతుక్కోవలసిన కాలం వచ్చింది.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎనిమిదో తరగతి చదివి ఎంప్లాయిమెంట్ బ్యాంకులో పేరు నమోదు చేసుకున్న లక్ష మందికి నెలకు రూ.1,500 భృతి ఇచ్చే యువశ్రీ పథకాన్ని 2013లో ప్రారంభించింది. 2016లో ఉత్కర్ష్ బంగ్లా వచ్చింది. చదువు మధ్యలో మానేసినవారితో సహా ఏటా ఆరు లక్షల మందికి 400 నుంచి 1200 గంటల వరకు ఉచితంగా వృత్తిశిక్షణ ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఐక్యరాజ్యసమితికి అనుబంధమైన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2019లో జెనీవాలో ఈ పథకానికి పురస్కారం ప్రకటించింది. అయితే 2022 సెప్టెంబరులో నేతాజీ ఇండోర్ స్టేడియంలో శిక్షితులకు ఉద్యోగ లేఖలు పంచిన సభ అనంతరం చేదు అనుభవం ఎదురైంది. హుగ్లీ జిల్లాలో వంద మందికి పైగా అభ్యర్థులకు అందిన గుజరాత్ లేఖలు ఉద్యోగ నియామక పత్రాలు కావని తేలింది. ఆ లేఖలు తాము ఇచ్చినవి కావని అందులో పేర్కొన్న సంస్థ తెలపడంతో వివాదం చెలరేగి ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. సామాను సర్దుకుని రైలెక్కడానికి సిద్ధపడిన పిల్లల స్థితిని ఊహించుకోవచ్చు.

కేంద్రానిదైనా రాష్ట్రానిదైనా ప్రకటనలో మొదట కనిపించేది శిక్షితుల సంఖ్యే. పూర్వపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో గ్రామీణ పేద యువత కోసం ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ ఏర్పాటు చేసినప్పుడు పేరులోనే శిక్షణ స్థానంలో ఉపాధిని నిలపడం ఈ సందర్భంలో గమనార్హం.

కోల్‌కతాలోనే వేరొక నమూనా కూడా కనిపిస్తుంది. నగరానికి ఉత్తరాన బన్‌హుగ్లీలో కేంద్ర ప్రభుత్వ టూల్‌రూమ్, శిక్షణ కేంద్రం ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా ఆ కోవలోనిదే. ఈ సంస్థలలో అచ్చులు, డైలు తయారుచేసే డిప్లొమా నాలుగేళ్లు సాగుతుంది. పరిశ్రమల ఆర్డర్లపై అక్కడ తయారయ్యే అసలు పనిముట్ల నడుమే విద్యార్థి పని నేర్చుకుంటాడు. ఇవి ఉచిత కోర్సులు కావు, సీట్లు కొద్ది. లక్షల సంఖ్య చూపవలసిన పథకానికి ఇవి ఆనవు.

మధ్యేమార్గం అప్రెంటిస్‌షిప్. 2014లో చట్టాన్ని సవరించారు. 2016 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, గరిష్ఠంగా నెలకు రూ.1,500, కేంద్రం భరించడానికి అంగీకరించింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అయితే హౌరా వీధుల్లోని లేతు కార్ఖానాలలో అనేకం పదిమంది లోపు పనివారితో నడుస్తాయి గనుక ఈ నిర్బంధం వాటి గడప తొక్కదు.

అందుచేత బెంగాల్ యువకుల చూపు నేటికీ రైల్వే వర్కుషాపులపైనే. కోల్‌కతా కేంద్రంగా ఉన్న తూర్పు రైల్వే 2024లో హౌరా, లిలువా, కంచ్రాపారా, జమాల్‌పూర్ తదితర యూనిట్లకు 3,115 మంది అప్రెంటిస్‌లను కోరుతూ ప్రకటన ఇచ్చింది. ఆగ్నేయ రైల్వే అదే ఏడాది 1,785 మందిని కోరింది. తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ వర్కుషాపు రెండో దానిలోనిది. (2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ప్రధాన కారణం.) ఈ శిక్షణ పూర్తి చేసినవారికి రైల్వే మొదటి స్థాయి ఉద్యోగాల భర్తీలో 20 శాతం ఖాళీలను ప్రత్యేకిస్తారు. ఎంపికకు రాత పరీక్ష లేదు. మార్కుల ఆధారంగా జాబితా తయారుచేస్తారు.

దరఖాస్తుకు జతపరచవలసిన పత్రాలలో సంబంధిత వృత్తిలో జాతీయ లేక రాష్ట్ర మండలి జారీచేసిన ఐటిఐ ధ్రువపత్రం తప్పనిసరి. ప్రభుత్వ ఖర్చుతోనే 400 గంటల శిక్షణ పొంది, ప్రభుత్వ ముద్రతోనే ధ్రువపత్రం అందుకున్న యువకుడు ఆ పత్రంతో ఈ దరఖాస్తు పెట్టుకోవడానికి అర్హుడు కాడు.