భీముడికి కొలిచి పెట్టాలి!

ఏడాది తిరిగేసరికి యాభై కిలోలు దాటే కుక్కని పెంచాలంటే గిన్నెనిండా పెట్టడం కాదు... గిన్నె దగ్గర చెయ్యి బిగబట్టడం తెలియాలి!

రెండు నెలల పిల్ల. ఒంటికి మించిన పాదాలు, వేలాడే చెవులు, అమాయకపు చూపులు. ఇంటికొచ్చిన రోజు నుంచీ దానికి రాజభోగమే. పొద్దున్నే పాలూ గుడ్డూ. మధ్యాహ్నం చికెన్ అన్నం. సాయంత్రం పిల్లలు పెట్టే బిస్కెట్లు. ఎముకలు గట్టిపడాలంటూ నాన్న తెచ్చిన కాల్షియం సిరప్. 'ఇంకాస్త పెట్టరా, పాపం సన్నగా ఉంది' అనే నానమ్మ సరేసరి. అయిదో నెలకే 'అబ్బో, దూడలా ఉందే' అన్నారు చూసినవాళ్లంతా. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఓ రోజు పొద్దున అది లేవడానికి మొరాయించింది. చూస్తే ముందుకాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే కుంటుతోంది.

భారీ జాతి కుక్కల్ని తెచ్చుకున్న ఇళ్లలో ఇలాంటివి మామూలే. తిండి చాలక కాదు, ఎక్కువై వచ్చే తిప్పలివి. అందుకు మంచి ఉదాహరణ గ్రేట్‌డేన్.

పేరు డేన్... ఊరు జర్మనీ!
డేన్ అన్నంతమాత్రాన ఇది డెన్మార్క్ కుక్క కాదు. జర్మనీలో అడవిపందుల వేటకు వాడిన జాతి. మాస్టిఫ్ కుటుంబానిదే. పిల్లలకు చెప్పాలంటే, టీవీలో దెయ్యాల్ని చూసి పరిగెత్తే స్కూబీ డూ ఉందే... అదీ గ్రేట్‌డేనే. మగకుక్క భుజం దగ్గర 80 సెంటీమీటర్లకు తక్కువ ఉండదు. అమెరికాలో జ్యూస్ అనే గ్రేట్‌డేన్ 111.8 సెంటీమీటర్ల ఎత్తుతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2014లో అది చనిపోయేనాటికి ఆరేళ్లు కూడా నిండలేదు. ఎంత పెద్ద జాతయితే ఆయుష్షు అంత తక్కువ. ఈ భారీ కుక్కల్లో పదేళ్లు దాటేవి అరుదు.

పుట్టినప్పుడు అరకిలో పైచిలుకుండే పిల్ల, పూర్తిగా ఎదిగేసరికి వంద రెట్లవుతుంది. అదీ ఏడాదిన్నర, రెండేళ్లలోనే. ఆ బరువంతా మోయాల్సింది ఇంకా గట్టిపడని ఎముకలు. మరి మనం ఎక్కువ పెట్టి ఆ బరువును ఇంకా తొందరగా పెంచితే?

ఆ సంగతి తేల్చడానికే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గ్రేట్‌డేన్ పిల్లల్ని రెండు జట్లుగా పెంచారు. ఒక జట్టుకు కావలసినంత తిండి. రెండో జట్టుకు అందులో మూడింట రెండొంతులే. తృప్తిగా తిన్నవాటిలోనే ఎముకల జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఆ ఫలితాలు 1974లోనే వెలువడ్డాయి.

సిరప్‌తోనే చిక్కు
మాంసకృత్తులు ఎక్కువైతే ఎముకలు పాడవుతాయని చాలామంది భయం. అసలు దోషులు అవి కావు... కెలోరీలూ కాల్షియమూ. పెద్ద కుక్కయితే తిండిలో ఎక్కువైన కాల్షియాన్ని చాలావరకు ఒంటికి పట్టనివ్వదు. పిల్లకు, ముఖ్యంగా ఆర్నెల్లలోపు, ఆ అదుపు ఉండదు. ఇచ్చినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి వెళ్లిపోతుంది. దాంతో ఎముకల ఎదుగుదల గతి తప్పుతుంది. భారీ జాతి పిల్లల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారంలో కాల్షియం సరిపడా ఉంటుంది. దాని మీద సిరప్ పోశారంటే మేలు చేయబోయి కీడు చేసినట్టే.

మరి ఇంటి వంట? అక్కడ చిక్కు తిరగబడుతుంది. ఉత్త చికెన్ అన్నంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ అదే పెడితే ఎముకలు గుల్లబారతాయి. ఇంటి భోజనమే పెట్టాలనుకుంటే పశువైద్యుణ్ని అడిగి, బరువూ వయసూ చూసి, ఏది ఎంతో రాయించుకోవాల్సిందే. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికించిన ఎముకలు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

వేళ్లతో చూడండి
సరిపడా తింటోందో లేదో తెలుసుకునేదెలా? చేతి వేళ్లతో పక్కటెముకల మీద నిమరండి. పల్చటి దుప్పటి కింద ఉన్నట్టు చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. 'బొద్దుగా ఉంటేనే ముద్దు' అనే మాట ఇక్కడ చెల్లదు!

నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆర్నెల్ల దాకా మూడుసార్లు, తర్వాత జీవితాంతం రెండుసార్లు కొలిచి పెట్టాలి. ఒకేసారి గిన్నెడు పెట్టేయడం ప్రమాదం. ఈ కుక్కలకు కడుపు ఉబ్బి మెలితిరిగే జబ్బు ఉంది. గ్రేట్‌డేన్‌కి ఆ ముప్పు మరీ ఎక్కువ. కక్కబోయినట్టు చేస్తుంది కానీ ఏమీ బయటికి రాదు, కడుపు బిగుసుకుంటుంది, ఒకచోట నిలవదు... ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. గంటల్లో ప్రాణం పోతుంది. తిన్న వెంటనే పరుగులు పెట్టించొద్దు. గిన్నెను ఎత్తుపీట మీద పెట్టడం మంచిదని చాలామంది నమ్మకం. పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో వెల్లడించిన అధ్యయనంలో అలా తినేవాటికే ఈ ముప్పు ఎక్కువని కనిపించింది.

జారే గచ్చు, మండే ఎండ
తిండి ఒక్కటేనా? నున్నటి టైల్స్ మీద జారడం, మెట్లెక్కి దిగడం, ఎత్తు నుంచి దూకడం లేత కీళ్లకు చేటు. అది తిరిగేచోట గోనెపట్టానో రబ్బరు చాపో పరవాలి. ఎదిగేదాకా వెంట పరిగెత్తించకుండా నెమ్మదిగా నడిపిస్తే చాలు. మన ఎండాకాలంలో నడక పొద్దెక్కకముందో, పొద్దుగూకాకో! నీడా నీళ్లూ ఎప్పుడూ ఉండాలి. ఇక మనుషుల్నీ శబ్దాల్నీ అలవాటు చేయాల్సింది మూడు, నాలుగు నెలలలోపే. పది కిలోలప్పుడు నేర్పని క్రమశిక్షణ అరవై కిలోలప్పుడు నేర్పాలంటే మనల్నే ఈడ్చుకెళ్తుంది!

ఇంటికి తెచ్చుకునేముందు ఖర్చూ లెక్కేసుకోవాలి. పెద్దదయ్యాక రోజుకు ముప్పావుకిలో నుంచి కిలో దాకా పొడి ఆహారం కావాలి. మందులూ మత్తు ఇంజెక్షన్లూ బరువును బట్టే కాబట్టి వైద్యం కూడా భారీగానే ఉంటుంది.

2002లో వెలువడిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరం. 48 లాబ్రడార్లను తీసుకుని, సగం కుక్కలకు మిగతావాటికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. లాబ్రడార్‌కే అది పెద్ద లాభం. ఎనిమిది, తొమ్మిదేళ్లకే వీడ్కోలు చెప్పే భారీ కుక్క విషయంలో ఒక్క ఏడాది కలిసొచ్చినా ఎంత విలువ!

అందుకే ఈసారి అది ఖాళీ గిన్నె ముందు కూర్చుని జాలిగా చూస్తే కరిగిపోకండి. మరో ముద్ద పెట్టే బదులు కాసేపు దాని పక్కన కూర్చోండి. ఆ తల మీ ఒళ్లో పెట్టుకుంటుంది... దానికి కావలసిందీ అదే!