హీటరు లెక్క, రీఛార్జి లెక్క

చలి ముదిరింది, పురుగుల ఇళ్ళలో హీటర్లు దిగాయి. ఒక లెక్క చూద్దాం. 2000 వాట్ల హీటరు గంట నడిస్తే 2 యూనిట్లు. రాత్రికి పది గంటల చొప్పున అయిదు రాత్రులకు 100 యూనిట్లు. కర్ణాటకలో గృహజ్యోతి ఉన్న ఇల్లు నెలకు 200 దాటిందంటే ఆ నెల బిల్లు మొత్తం మనదే.

ముందు గోడకు థర్మామీటరు తగిలించండి. చాకీ పురుగుకు 27–28 డిగ్రీలు కావాలి గానీ, పెద్ద పురుగుకు 24–25 చాలు. నాలుగో జ్వరం లేచాక కూడా చాకీ వేడే పెట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. కరెంటూ దండగ, ఆకూ వాడిపోతుంది. ఖర్చు తగ్గుతుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, పురుగుకే కాదు, మనిషికీ ప్రాణం మీదికొస్తుంది. 60 వాట్ల బల్బులుంటే తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ వేయండి.

ప్రీపెయిడ్ మీటరున్నవాళ్ళకు ఇంకో సంగతి. బిల్లు వచ్చాక కడదాంలే అంటే కుదరదు, బ్యాలెన్సు ముందే ఉండాలి. మాలో ఒకరికి కిందటి చలికాలం, అయిదో దశలో, కరెంటు ఆగిపోయింది. బ్యాలెన్సు తక్కువుందని మెసేజి వచ్చిందట, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకు! రీఛార్జి చేయించి కరెంటు వచ్చేసరికి పొద్దుగూకింది. చలికి పురుగు మేత మందగించి, గూడు రెండు రోజులు వెనకబడింది.

మీ మీటరుకు ఎవరి నంబరుందో ఈరోజే చూసుకోండి. చాకీ తెచ్చిన రోజే పంటకు సరిపడా రీఛార్జి వేయించి, పొద్దున మేత వేశాక రీడింగు క్యాలెండరులో రాసుకోండి.