తోట యంత్రాల బ్యాటరీ పోషణ

మామిడి కాపు ఇంటికి చేరి, తోటలో సందడి సద్దుమణిగిన పిమ్మట, మందు చల్లు స్ప్రేయరును కడిగి కొట్టుగదిలో ఒక మూలకు చేర్చుట మన వాడుక. మరల పూతకాలము వచ్చును. పూగుత్తులపై తేనెమంచు పురుగు కనిపించును. స్ప్రేయరును భుజమున కెత్తుకొని మీట నొక్కినచో అది మూలుగనైనను మూలుగదు. "నిరుడు కొన్న బ్యాటరీ, పట్టుమని పది దినములైనను వాడలేదు, అప్పుడే చచ్చినది" అని అమ్మినవానిని నిందింతుము. వాడక ఊరక ఉంచుటయే దాని చావునకు కారణమని మనకు తోచదు. నేనును ఇట్లు ఒక బ్యాటరీని పోగొట్టుకొన్నవాడనే. కావుననే ఈ నాలుగు మాటలు.

భుజమునకు తగిలించుకొను స్ప్రేయర్లలో పెక్కింటియందు 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండును. సామాన్యముగా దాని శక్తి 8 ఆంపియర్-అవర్లు. చెట్ల వరుసల నడుమ దున్ను చిన్న ట్రాక్టరును స్టార్టు చేయునదియు ఈ జాతిదే. పరిమాణములో మాత్రము పెద్దది. ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే 1859లో దీనిని కనిపెట్టెను. కరెంటు రాని గ్రామములలో ఒకప్పుడు రేడియో పెట్టెలు కొన్ని ఇట్టి బ్యాటరీలపైననే పలికెడివి. కనుక రేడియో గల యిండ్లకు ఇది పాత చుట్టమే.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టుల నిచ్చును. ప్రతి గదిలోను రెండు విధములైన పలకలు గలవు: ఒకటి సీసపు డయాక్సైడు, రెండవది గుల్లగా నుండు సీసము. ఈ రెంటిని నీటితో కలిసిన గంధకామ్లము తడుపుచుండును. మనము కరెంటు వాడుకొనునప్పుడు ఆమ్లములోని సల్ఫేటు పలకలపై సీసపు సల్ఫేటుగా పేరుకొనును, ద్రవము పలుచనగును. చార్జి చేయునప్పుడు ఆ సల్ఫేటు కరగి మరల ద్రవములో చేరును. వ్యవహారమంతయు ఈ రాకపోకలే.

చిక్కు ఇచ్చటనే యున్నది. అప్పుడే పేరుకొన్న సల్ఫేటు మెత్తగా, సన్నగా నుండును, సులభముగా కరగును. చార్జి చేయక వారములు, నెలలు వదలినచో, పాకము నిలువయుండి పటికబెల్లముగా గట్టినట్లు, అది గట్టి పలుకులుగా మారును. అట్టి పలుకులను ఏ చార్జరును పూర్తిగా కరిగింపజాలదు. అంతమేర పలక పనికిరాకుండ పోవును. మీట కట్టివేసి యుంచితిమి గదా యని ధైర్యపడరాదు. ఎవరు వాడకున్నను బ్యాటరీ తనలో తాను కొంత ఖర్చగుచునే యుండును. వేడి పది డిగ్రీలు హెచ్చినచో ఈ ఖర్చు సుమారు రెట్టింపగును. మన వేసవిలో రేకుల కప్పు క్రింద నుంచిన బ్యాటరీ గతి యేమగునో ఊహింపవచ్చును.

కావున మొదటి నియమము: పని ముగిసిన దినముననే చార్జి చేయవలెను. ఎంతయో మిగిలియున్నదని మరునాటికి, మరువారమునకు వాయిదా వేయరాదు. రెండవది: మూలకు చేర్చుటకు ముందు నిండుగా చార్జి చేసి, వీలైనచో తీగ ఊడదీసి, చల్లని పొడిచోట నుంచి, నెల కొకసారి మరల చార్జి పెట్టవలెను. చార్జరు తీసిన కొన్ని గంటలకు వోల్టు మీటరుతో చూచినచో 12.6 వోల్టులకు తగ్గకుండ ఉండవలెను. 12.4కు దిగినచో చార్జి చేయుట మంచిది. 12కు దిగినదనగా దాదాపు ఖాళీ యైనదన్నమాట.

చార్జి చేయుటలో తొందర పనికిరాదు. బ్యాటరీ శక్తిలో పదవ వంతు కరెంటు నెమ్మదియైన కొలత: 8 ఆంపియర్-అవర్ల దానికి 0.8 ఆంపియరు. ఈ లెక్కన ఖాళీ బ్యాటరీ నిండుటకు పది పండ్రెండు గంటలు పట్టును. యంత్రముతో ఇచ్చిన చార్జరునే వాడవలెను. త్వరగా నిండునని ట్రాక్టరు చార్జరును చిన్న బ్యాటరీకి తగిలించినచో అది వేడెక్కి ఉబ్బును. చార్జి యగుచుండగా బ్యాటరీ చేతికి చురుక్కుమనునంత వేడెక్కినచో వెంటనే ఆపివేయవలెను.

ఇక ప్రాణభయము గల విషయము. చార్జి నిండవచ్చునప్పుడు ద్రవములోని నీరు విడిపోయి హైడ్రోజను, ఆక్సిజను వాయువులుగా వెలువడును. హైడ్రోజనుకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నను నిప్పురవ్వ సోకిన ప్రేలగలదు. కనుక వంటింటిలో పొయ్యి దగ్గరను, దేవుని గూటి దీపము చెంతను, మూసిన పడకగదిలోను చార్జి పెట్టరాదు. గాలి యాడు వసారా మేలు. ద్రవమెంత యున్నదో చూచుటకు అగ్గిపుల్ల గీయువారు కలరు. అంతకు మించిన సాహసము లేదు, టార్చి వాడవలెను. ముందు చార్జరు తీగలు బ్యాటరీకి తగిలించి, పిదప స్విచ్చి వేయవలెను. తీయునప్పుడు ముందు స్విచ్చి ఆర్పి, పిదప తీగలు తీయవలెను. ఇట్లు చేసినచో బ్యాటరీ మొనల వద్ద రవ్వ లేవదు.

స్ప్రేయరు బ్యాటరీ మూసియుంచినది. దానిని విప్పరాదు, నీరు పోయరాదు. ట్రాక్టరు బ్యాటరీకి మూతలున్నచో పలకలు ఎల్లప్పుడును మునిగియుండునట్లు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. తగ్గినది నీరే గాని ఆమ్లము కాదు గనుక ఆమ్లము కలుపరాదు; కుళాయి నీటిలోని లవణములు పలకలకు చెరుపు చేయును. చార్జి చేయునప్పుడు ద్రవము పొంగును గనుక నిండుగా పోయుట చార్జి ముగిసిన తరువాతనే. మొనలపై పట్టిన తెల్లని పొడిని వంటసోడా నీటితో తుడిచి, ఆరిన పిమ్మట వ్యాసలీను రాయవలెను. తీగలు విప్పునప్పుడు మైనసు తీగ ముందు, బిగించునప్పుడు అది చివర. చేతి ఉంగరము తీసి, కన్నులకు అద్దములు పెట్టుకొనుట మరువరాదు. ఆమ్లము కంట బడినచో పదునైదు నిమిషములకు తక్కువ గాకుండ మంచినీటితో కడుగుచు, వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను.

కొన్ని యంత్రములలో నేడు లిథియం బ్యాటరీలు వచ్చుచున్నవి. పైన చెప్పిన కొలతలు వానికి చెల్లవు. సీసపు బ్యాటరీ చార్జరును వానికి తగిలించరాదు. ఉబ్బినదానిని, నలిగినదానిని మరల వాడరాదు.

తుదకు బ్యాటరీ ఏదైనను ముసలిదగును. సీసము విషము; పసిపిల్లల మెదడునకు విశేషముగా కీడు చేయును. పాత బ్యాటరీని పగులగొట్టి సీసము కరగించుట, ఆమ్లమును పెరటి మట్టిలో పారబోయుట మహాపరాధములు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు తయారుచేయువారిపై నుంచినవి. కొన్న దుకాణమున కిచ్చినచో క్రొత్తదాని వెలలో కొంత తగ్గింపును దొరకును.

నెలకొక దినము గుర్తుండుట కష్టమందురా? పున్నమిని గుర్తుగా పెట్టుకొనుడు. ఆనాటి ఉదయము వసారాలో చార్జరు తగిలించి, నిండగనే తీసివేయుడు. అట్లు చేసినచో మామిడి పూచిన నాడు మీట నొక్కగనే యంత్రము పలుకును.